గుండెకు కొంచెం కొంచెంగా అందాల్సిన మందు
(సొసైటీ వార్షిక సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మేము డాక్టర్లం కాము. విద్యా విభాగంలో పనిచేసే బడిపంతుళ్లం. బి.ఎడ్. చదివినప్పుడు మాకు నేర్పిన మొదటి సూత్రం ఒకటుంది. తెలిసినదాని నుంచి తెలియనిదాని వైపు పిల్లవాణ్ణి నడిపించాలి. ఈ రోజు ఆ పద్ధతిలోనే పెద్దవాళ్లకు ఒక పాఠం చెప్పబోతున్నాం. తప్పుగా అనుకోవద్దు.

ఈ పాఠం ఎందుకు వచ్చిందో ముందు చెబుతాం. గత చలికాలంలో మన వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. గుండెపోటు వచ్చినవాళ్లకు గుండె మీద అతికించే పట్టీ ఒకటి కనిపెట్టారని, అది పెడితే దెబ్బతిన్న గుండె మళ్లీ బాగవుతుందని అందులో ఉంది. అది చూసి కుప్పం నుంచి ఒక దాత మాకు ఫోను చేశారు. "సార్, ఇది నిజమేనా? నిజమైతే ఎంత ఖర్చయినా తెప్పిద్దాం. మన ఊళ్లలో ఒకరిద్దరు పేదలకు మనమే పెట్టిద్దాం" అన్నారు. ఆయన మనసు పెద్దది. అలాంటి ప్రశ్నకు తెలియదని చెప్పి ఊరుకోవడం మాకు నచ్చలేదు. చదివి చెబుతామని మాటిచ్చాం. ఆ మాటే ఇప్పుడు నిలబెట్టుకుంటున్నాం.

మొదట గుండెపోటు అంటే ఏమిటో చూద్దాం. గుండె ఒళ్లంతటికీ రక్తం పంపే కండ. ఆ కండకు కూడా రక్తం కావాలి. దానికి విడిగా సన్నటి రక్తనాళాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ నాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు మీది పొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది. దారి మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడిన కండకు రక్తం ఆగిపోతుంది. అరగంట దాటితే కండలోని కణాలు చనిపోవడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ చనిపోయే భాగం పెరుగుతుంది. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కణాలు పోవచ్చని శాస్త్రవేత్తల లెక్క.

చెయ్యి తెగితే చర్మం మళ్లీ వస్తుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. గుండె కండ అలా తిరిగి పెరగదు. 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన పద్ధతిలో దీన్ని కొలిచారు. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది. అది ఆనాటి మనుషుల కణాల్లోకీ చేరింది. దాన్నిబట్టి ఏ కణం ఎప్పుడు పుట్టిందో లెక్కగట్టారు. పాతికేళ్ల మనిషి గుండె కండలో ఏడాదికి నూటికి ఒక కణం మాత్రమే కొత్తగా పుడుతుంది. డెబ్బై అయిదేళ్లకు అది నూటికి అర కంటే తక్కువకు పడిపోతుంది. ఈ లెక్కన, ఒక పూటలో పోగొట్టుకున్న కండను ఒక జీవితకాలంలో కూడా తిరిగి సంపాదించలేం.

మరి చనిపోయిన భాగం ఏమవుతుంది? అక్కడ మచ్చ కడుతుంది. ఈ మచ్చను తిట్టుకోనక్కర్లేదు. అది కట్టకపోతే గుండె గోడ ఆ చోట పలచబడి చిరిగిపోయే ప్రమాదం ఉంది. అల్లాహ్ శరీరానికిచ్చిన అతుకు అది. కాకపోతే మచ్చ కండలా ముడుచుకోలేదు. మచ్చ పెద్దదైతే మిగిలిన కండ మీద భారం పడుతుంది. గుండె సాగిపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాళ్లకు నీరు, రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడకపోవడం, ఇవన్నీ అక్కడి నుంచి వచ్చేవే.

ఈ మరమ్మతు ఒక వరుసలో జరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు చావుకు బతుక్కు మధ్య ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. వాటిని కాపాడుకోవాలి. వారం తిరిగేసరికి ఆ ప్రాంతానికి కొత్త రక్తనాళాలు కావాలి. రెండో వారం నుంచి మచ్చ గట్టిపడటం మొదలవుతుంది, అప్పుడు అది అతిగా పెరగకుండా చూడాలి. మచ్చను ఆపే మందు మొదటి రోజే ఇస్తే, అతుకు పడక గోడ బలహీనమయ్యే భయం ఉంది. మందు మంచిదే అయినా సమయం తప్పితే కీడు చేస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మిగతా పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

కొత్త రక్తనాళాలు పెంచే పదార్థం మన ఒంట్లోనే ఉంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఎక్కించి చూశారు. 178 మంది మీద జరిగిన ఆ పరీక్ష ఫలితం 2003లో వచ్చింది. అరవై రోజుల తర్వాత చూస్తే, ఉత్త ద్రవం ఎక్కించుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. కారణాల్లో ఒకటి సులభంగానే అర్థమవుతుంది. నరానికి ఎక్కించిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. ఇలాంటి పదార్థాలను శరీరం నిమిషాల్లోనే విరిచేస్తుంది. గుండెలో దెబ్బతిన్న చోటికి చేరేది కొంచెం, అక్కడ నిలిచేది ఇంకా కొంచెం.

ఇక్కడ మన మదనపల్లె రైతును అడగండి. టమోటా తోటకు కాలువ నిండా నీళ్లు వదిలితే ఏమవుతుందో ఆయనే చెబుతాడు. సగం ఆవిరైపోతుంది, సగం కలుపుకు పోతుంది, నాలుగు రోజులకు మొక్క మళ్లీ వాడుతుంది. అందుకే డ్రిప్ వేశాం. పైపుకు ప్రతి మొక్క దగ్గర ఒక చిన్న రంధ్రం. చుక్క చుక్కగా వేరు దగ్గరే పడుతుంది. పూత దశలో ఒక ఎరువు, కాయ దశలో ఇంకో ఎరువు అదే పైపులో కలిపి వదులుతాం. మందు విషయంలో శాస్త్రవేత్తలు చేస్తున్నదీ ఇదే. నిదానంగా విడుదలయ్యే మందు అంటే గుండెకు వేసిన డ్రిప్ అనుకోండి.

ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన పట్టీ సంగతి. అమెరికాలో ఎంఐటీ అనే ప్రసిద్ధ విద్యాసంస్థ ఉంది. అక్కడ రాబర్ట్ లాంగర్ అనే ఆచార్యుడు నిదానంగా విడుదలయ్యే మందుల మీద యాభై ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆయన, ఆనా యాక్లెనెక్ అనే శాస్త్రవేత్త, వాళ్ల బృందం కలిసి 2025 నవంబరులో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ పట్టీ ఒక మెత్తటి జిగురు ముక్క. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ అనే పదార్థం అందులో ఉంది. ఇఫ్తార్‌కు మన ఇళ్లలో చైనా గ్రాస్ వండుతారు కదా, అదీ సముద్రపు నాచు నుంచి వచ్చేదే. ఆ వేరే రకం నాచు గిన్నెలో ఎలా గడ్డకట్టి వణుకుతుందో తలుచుకుంటే ఈ పట్టీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గుండె కొట్టుకుంటుంటే దానితోపాటు వంగాలి కాబట్టి అంత మెత్తగా చేశారు.

ఆ జిగురులో కంటికి కనబడనంత చిన్న గిన్నెలు వరుసలుగా పేర్చారు. ప్రతి గిన్నెకు మూత ఉంటుంది, లోపల మందు ఉంటుంది. గిన్నె, మూత రెండూ శరీరంలో కరిగిపోయే పదార్థంతో చేసినవే. మన ఆసుపత్రుల్లో కుట్లు వేసే కరిగే దారం కూడా అదే కుటుంబానికి చెందింది. అది కరిగితే వచ్చే వాటిలో లాక్టిక్ ఆమ్లం ఒకటి, అంటే మన పెరుగులో ఉండే పులుపే. పదార్థాన్ని కాస్త మార్చి చేస్తే మూత త్వరగా కరుగుతుంది, ఇంకోలా చేస్తే ఆలస్యంగా కరుగుతుంది. అలా మూడు రకాల గిన్నెలు చేశారు. మొదటి రకం 1 నుంచి 3 రోజుల మధ్య తెరుచుకుని, కణాలు చావకుండా కాపాడే మందు వదులుతుంది. రెండోది 7 నుంచి 9 రోజుల మధ్య రక్తనాళాలు పెంచే మందు వదులుతుంది. మూడోది 12 నుంచి 14 రోజుల మధ్య మచ్చ అతిగా కట్టకుండా చూసే మందు వదులుతుంది. మూడు మందులు, మూడు వేళలు, అన్నీ ఆ ఒక్క పట్టీలోనే.

ఫలితం బాగుంది. మందు తీసుకోనివాటితోనూ, అవే మందులు నరానికి ఎక్కించినవాటితోనూ పోల్చితే, పట్టీ పెట్టినవాటిలో బతికినవి 33 శాతం ఎక్కువ. దెబ్బతిన్న కండ 50 శాతం తగ్గింది. ఏడాది కాలంలో పట్టీ కూడా కరిగి పలచబడింది.

"పెట్టినవాటిలో" అన్నాం, "పెట్టినవాళ్లలో" అనలేదు. గమనించారా? అవి ఎలుకలు. ఈ పరీక్ష ఎలుకల మీద జరిగింది. ఇక పెద్ద జంతువుల మీద చెయ్యాలి, తర్వాత మనుషుల మీద దశలవారీగా చెయ్యాలి. పైగా ఈ పట్టీ పెట్టాలంటే ఛాతీ తెరిచి ఆపరేషన్ చెయ్యాలి. ఇవే గిన్నెలను స్టెంటులో అమర్చి రక్తనాళం గుండా పంపగలమా అని వాళ్లే ఆలోచిస్తున్నారు. ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన మందులు చాలా ఉన్నాయి. కాబట్టి కుప్పం సోదరుడికి మా జవాబు ఇది. వార్త నిజం, ఆశ నిజం, కానీ ఈ రోజు డబ్బు పెట్టి కొనడానికి ఆ వస్తువు ఏ ఆసుపత్రిలోనూ లేదు. చనిపోయిన గుండె కండను తిరిగి మొలిపిస్తామని ఇప్పుడే ఎవరైనా డబ్బడిగితే, పొడి అయినా ఇంజెక్షన్ అయినా, ఇవ్వకండి. ముందు మీ గుండె డాక్టరును అడగండి.

మరి ఇంత చెప్పి చేతులు దులుపుకుంటామా? లేదు. నిదానంగా విడుదలయ్యే మందు మన మూడు ఊళ్లలో ఎన్నో గుండెల్లో ఇప్పటికే ఉంది. స్టెంటు వేయించుకున్నవాళ్లు ఈ సభలోనే కొందరున్నారు. మీ రక్తనాళంలో ఉన్న ఆ సన్నటి జాలీ గొట్టానికి మందు పూత ఉంటుంది.

1977లో స్విట్జర్లాండులో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి బెలూను పంపి గుండె నాళాన్ని తెరిచారు. 1986లో ఫ్రాన్సులో మొదటి స్టెంటు వేశారు. బెలూనుతో తెరిచింది మూసుకుపోకుండా జాలీ ఆపుతుంది. అయినా నూటికి ఇరవై ముప్పై మందిలో కొన్ని నెలలకే లోపల కండ పెరిగి దారి మళ్లీ ఇరుకయ్యేది. దాన్ని ఆపే మందు ఎక్కడ దొరికిందంటే, పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న ఈస్టర్ దీవి మట్టిలో. 1964లో కెనడా నుంచి అక్కడికి వెళ్లిన బృందం మట్టి నమూనాలు తెచ్చింది. అందులోని ఒక సూక్ష్మజీవి నుంచి సిరోలిమస్ అనే పదార్థాన్ని వేరుచేసింది సురేంద్రనాథ్ సెహగల్, మన దేశంలో కాశీ విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రవేత్త. కంపెనీ ఆ పని ఆపేస్తే ఆయన ఆ సూక్ష్మజీవిని తన ఇంటి ఫ్రీజరులో ఏళ్ల తరబడి దాచి ఉంచారు. ఆ ఓపిక వల్లే మందు బతికింది. 1999 చివర బ్రెజిల్‌లో ఆ మందు పూసిన స్టెంటును మొదటిసారి మనిషికి వేశారు. ఆ మొదటి రకంలో మందు ఎక్కువ భాగం నెల రోజుల్లో, మిగతాది మూడు నెలల్లోపు మెల్లగా నాళం గోడలోకి దిగుతుంది. మళ్లీ మూసుకుపోయేవారి సంఖ్య నూటికి పదిలోపుకు వచ్చింది.

మన తెలుగు నేలకూ ఈ కథలో చోటుంది. ఏ.పీ.జె. అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉన్న రోజుల్లో గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు గారితో కలిశారు. విదేశీ స్టెంటు కొనలేని పేదవాడికి తక్కువ ధరలో స్వదేశీ స్టెంటు ఇవ్వాలన్నది వాళ్ల పట్టుదల. 1998 నాటికి కలాం-రాజు స్టెంటు వచ్చింది. దానికి మందు పూత లేదు, అది ఆ కాలపు స్టెంటు. అయినా ఖరీదైన వస్తువును పేదవాడి దగ్గరికి తేవచ్చని అది చూపించింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. మామూలు స్టెంటు 7,260కి దిగింది. తర్వాత ఆ ధరలు కొంత మారుతూ వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద పేదలకు స్టెంటు ఉచితంగానే పడుతోంది.

స్టెంటు పూత గురించి ఇంకో సంగతి తప్పకుండా తెలియాలి. లోపల కండ పెరగకుండా ఆపే మందే, జాలీ మీద సహజంగా కట్టాల్సిన పలుచటి పొరను కూడా ఆలస్యం చేస్తుంది. ఆ పొర కప్పేదాకా రక్తానికి తగిలేది ఉత్త లోహం. లోహం మీద రక్తం గడ్డకడుతుంది. అందుకే గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు రోజూ వేసుకోమంటారు. గుండెపోటు వచ్చినవాళ్లకు మామూలుగా ఒక ఏడాది పాటు రెండూ, ఆ తర్వాత ఒకటి జీవితాంతం. ఎవరికి ఎంతకాలం అన్నది డాక్టరు చెప్పాలి. నాళంలోని మందు దాని పని అది చేసుకుపోతుంది. నోటితో వేసుకునే మందును మాత్రం మనిషే గుర్తుపెట్టుకోవాలి, మనిషే కొనాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పుంగనూరులో చింతపండు వ్యాపారం చేసే ఒక భాయ్ ఉండేవారు. ఆయన పిల్లలు మా దగ్గరే చదువుకున్నారు. ఆయనకు గుండెపోటు వచ్చింది. కార్డులో ఏదో పేరు తేడా వచ్చి ఉచిత పథకం వర్తించలేదు. ఆ రాత్రి మేము, మన సొసైటీ యువకులు ఇల్లిల్లూ తిరిగాం. ఒక్క పూటలో లక్షా ఇరవై వేలు పోగయింది. మీరే ఇచ్చారు. పెద్ద ఊళ్లో స్టెంటు వేశారు. ఆయన నడిచి ఇంటికొచ్చారు. జుమా నమాజుకు ఆయన్ని చూసి మా అందరి కళ్లూ చెమర్చాయి. ఆ ఏడాది సావనీరులో ఆ సంగతి రాసుకున్నాం.

అయిదు నెలలు గడిచాయి. మాత్రలకు నెలకు పదకొండు పన్నెండు వందలయ్యేది. పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకుని ఆయన రోజు మార్చి రోజు వేసుకున్నారు. తర్వాత మానేశారు. ఎవరికీ చెప్పలేదు. ఏడో నెలలో ఒక తెల్లవారుజామున మళ్లీ నొప్పి వచ్చింది. స్టెంటులోనే గడ్డకట్టిందని డాక్టర్లు అన్నారు. ఈసారి ఆయన తిరిగి రాలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

పరామర్శకు వెళ్లాం. ఆపా మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. చాలాసేపటికి ఇలా అన్నారు. "సార్, ఆపరేషనుకు అడక్కుండానే అందరూ ఇచ్చారు. మాత్రలకు ఎవర్ని అడగాలో మాకు తెలియలేదు. దానికీ అడిగితే బాగుండదని ఆయన వద్దన్నారు."

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. బడిలో పిల్లవాడు మూడు రోజులు రాకపోతే ఇంటికి కబురు పంపుతాం. ఈ మనిషి రెండు నెలలు మాత్రలు మానేస్తే మనకు తెలియలేదు. లక్షా ఇరవై వేలు ఒక్క రాత్రిలో ఇవ్వగలిగిన మనం, నెలకు పన్నెండు వందలు ఇవ్వలేకపోయామా? ఇవ్వలేక కాదు. ఎవరూ అడగలేదు, ఎవరమూ చూడలేదు. కాలువ నిండా నీళ్లు వదిలి, తోట బాగుందని ఇంటికొచ్చేశాం.

ఈ పాఠం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో మొదలైంది. అక్కడ తరతరాలుగా డాక్టర్లు చెప్పిన మాట మన పెద్దలకు గుర్తే. దగ్గు తగ్గిందని మందు మానవద్దు, కోర్సు పూర్తిచెయ్యి అని. క్షయకు నేర్చుకున్నది గుండెకు మర్చిపోయాం.

అందుకే ఈ ఏడాది దాతల ముందు మూడు పనులు పెడుతున్నాం.

మొదటిది నెలమందుల పద్దు. స్టెంటు వేసుకున్నా, వేసుకోకపోయినా, గుండెపోటు వచ్చిన పేదవాడికి ఏడాది పాటు మాత్రలు. నెలకు వెయ్యి అనుకుంటే ఏడాదికి పన్నెండు వేలు. జన ఔషధి దుకాణంలో అదే మందు దొరికితే ఇంకా తగ్గుతుంది. డాక్టరు రాసిన మందు బదులు అక్కడిది తీసుకోవచ్చా అన్నది ఆ డాక్టరునే అడుగుదాం. ఒక్కో దాత ఒక్కో రోగి ఏడాదిని తీసుకోండి. ఒకేసారి పన్నెండు వేలు ఇచ్చి మర్చిపోవద్దు, నెలనెలా వెయ్యి ఇవ్వండి. నెల తిరిగినప్పుడల్లా ఆ మనిషి మీకు గుర్తుకు రావాలి. ఎవరికి ఇచ్చారో బయటికి చెప్పం, ఎవరు పుచ్చుకున్నారో సావనీరులో వెయ్యం. ఇందులో ఏది జకాత్‌లోకి వస్తుంది, ఏది సదఖా అన్నది ఉలమా పెద్దలు చెప్పినట్టు చేద్దాం. మతం చూడకుండా ఇవ్వాల్సిన చోట సదఖా నుంచి ఇద్దాం.

రెండోది హాజరు పట్టీ. ఇది మా పంతుళ్ల పని, దీనికి డబ్బక్కర్లేదు. రోగి ఇంట్లో బడికెళ్లే పిల్లవాడు తప్పకుండా ఉంటాడు, లేదా పక్కింట్లో ఉంటాడు. గోడకు ఒక కాగితం అంటించి, అబ్బాజాన్ మాత్ర వేసుకున్నాక ఆ పిల్లవాడు టిక్కు పెడతాడు. నెలాఖరుకు మేము చూస్తాం. పట్టీలో ఖాళీలు కనబడితే తిట్టడానికి వెళ్లం, ఏమైందని అడగడానికి వెళతాం. డబ్బా, మరుపా, కడుపులో మంటా, భయమా అన్నది తెలిస్తే సగం పరిష్కారం దొరికినట్టే.

ఈ పిల్లలకు ఇంకో ముక్క నేర్పుతాం. కొన్ని గుండె మాత్రల పేరు చివర ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, ఈఆర్ అని ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యేలా చేసిన మాత్రలు అవి. మింగలేని ముసలివాళ్లకు వాటిని రోట్లో నూరి తేనెలో కలిపి ఇస్తుంటారు. అలా చేస్తే రోజు మొత్తం మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. రక్తపోటు పడిపోవచ్చు. నూరకూడదు, నమలకూడదు. మింగడం కష్టమైతే డాక్టరుకు చెప్పి వేరే రకం రాయించుకోవాలి. రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి, ఉపవాసం ఉండవచ్చా, ఉంటే సహరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది అని అడిగి రాయించుకోవాలి. ఈ మధ్యే గుండెపోటు వచ్చిన మనిషి ఉపవాసం ఉండలేకపోతే దీన్‌లో సడలింపు ఉంది. ఎవరికీ చెప్పకుండా మాత్ర మానెయ్యడం మాత్రం వద్దు.

మూడోది మొదటి గంట. ఎంత గొప్ప మరమ్మతు వచ్చినా, చావని కండను మించిన కండ లేదు. పెద్ద గుండె ఆసుపత్రులు మనకు తిరుపతి, బెంగళూరు, వేలూరుల్లో ఉన్నాయి. మదనపల్లె నుంచైనా కుప్పం నుంచైనా రోడ్డు మీద గంటలు పడుతుంది. అందుకే దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ చేసి, తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపే ఏర్పాటు వచ్చింది. మన రాష్ట్రంలో స్టెమి కార్యక్రమం కింద, బయట నలభై వేల వరకు ఉండే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఆ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత కండ మిగులుతుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో నొప్పి అంతగా లేకుండానే ఆయాసం, నీరసం, వాంతి రావచ్చు. వెంటనే 108. మన మసీదుల్లో, షాదీఖానాల్లో, బడుల్లో దగ్గర్లో ఈసీజీ, ఈ ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి పేరు కనుక్కుని, బోర్డు మీద రాసి పెడదాం. బోర్డుకు అయ్యే ఖర్చు ఎంత? ఒక పూట బిర్యానీ ఖర్చు కూడా కాదు.

ముగించే ముందు ఒక పెద్దమనిషిని తలుచుకుందాం. పదమూడో శతాబ్దంలో డమాస్కస్‌లో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ నఫీస్ అనే వైద్యుడు ఉన్నారు. గుండె కుడివైపు నుంచి రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడి నుంచి ఎడమవైపుకు వస్తుందని మొదట రాసింది ఆయనే. గుండె తన లోపలి గదుల్లో ఉన్న రక్తంతో బతకదని, తన కండలో పరుచుకున్న నాళాల నుంచే పోషణ తీసుకుంటుందని కూడా ఆయన రాశారు. ఈ రోజు మనం మాట్లాడుకున్నది ఆ నాళాల గురించే. 1288లో కన్నుమూసేటప్పుడు ఆయన తన ఇంటిని, గ్రంథాలయాన్ని కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి రాసిచ్చారు. ఒక్కరోజు దానం కాదది. ఆయన పోయాక కూడా రోగులకు, చదువుకునేవాళ్లకు అందుతూ ఉండాల్సిన దానం. చిన్నదైనా విడవకుండా చేసే మంచిపని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని మన ప్రవక్త (స) వారు నేర్పిన సంగతి మీకు మేము చెప్పాలా?

కుప్పం సోదరుడికి మళ్లీ ఒక మాట. మీరడిగిన పట్టీ ఇంకా రాలేదు. ఏదో ఒకరోజు వస్తుంది, ఇన్‌షా అల్లాహ్. వచ్చిన రోజున మొదట మీకే ఫోను చేస్తాం. అది వచ్చేదాకా దాని పని మనం చెయ్యాలి. ఆ చిన్న గిన్నెల్లాగా మొదటి రోజు ఒకరం, ఏడో రోజు ఒకరం, నెల తర్వాత ఒకరం తలుపు తట్టాలి. పుంగనూరు భాయ్ ఇంటి తలుపు అలా మూడో నెలలో తట్టి ఉంటే ఈ రోజు ఆయన ముందు వరుసలో కూర్చునేవారేమో.

పద్దు పుస్తకం బయట బల్ల మీద ఉంది. మొదటి పేరు మా విద్యా విభాగానిదే, ముగ్గురు రోగుల ఏడాదికి. రెండో పేరు కోసం గీత గీసి ఖాళీ వదిలాం.